అర్జీ ఎవరి బల్ల మీద ఉంది?



గుంటూరు నుంచి మాచర్ల వెళ్లే దారిలో సత్తెనపల్లి దాటాక, పిడుగురాళ్ల ఇంకా రాకముందే రాజుపాలెం వస్తుంది. మిరప, పత్తి పండించే మండలం. పేరేచర్ల–కొండమోడు రోడ్డు అని పల్నాడంతా చెప్పుకునే ఆ కొండమోడు ఈ మండలంలోదే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. అంతకు ముందు రోజు దాకా రాజుపాలెం రైతుకు కలెక్టరాఫీసు పని పడితే గుంటూరు బస్సు ఎక్కేవాడు. ఆ తర్వాత నరసరావుపేట బస్సు ఎక్కడం మొదలుపెట్టాడు. దూరం తగ్గింది, తిరుగుడు తేలికైంది. అక్కడికి వెళ్లి అతను అడిగేది మాత్రం గుంటూరులో అడిగిందే: "నా అర్జీ ఎక్కడిదాకా వచ్చిందండీ?"

ఊరి వెబ్‌సైట్‌నో, పట్టణం వెబ్‌సైట్‌నో కొత్తగా తీర్చిదిద్దాలని ప్రభుత్వాలు తరచూ అనుకుంటాయి. ప్రజల భాగస్వామ్యం పెరగాలన్నది లక్ష్యంగా చెబుతాయి. మంచి లక్ష్యమే. ఆ పని రంగులతో, బొమ్మలతో మొదలుకాకూడదు. పై ప్రశ్నకు తెర మీద జవాబు దొరుకుతుందా అన్న దగ్గర మొదలుకావాలి. పల్నాడు జిల్లాలో 28 మండలాలు, ఎనిమిది పట్టణ స్థానిక సంస్థలు ఉన్నాయి: నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల, వినుకొండ మున్సిపాలిటీలు, గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలు. రాజుపాలెం పంచాయతీయే కావచ్చు, దానికి అటూ ఇటూ రెండు మున్సిపాలిటీలు ఉన్నాయి. పిల్లల చదువు, ఆసుపత్రి, కొనుక్కున్న ఇంటి స్థలం, దాని పన్ను, కుళాయి కనెక్షన్, ఇవన్నీ ఊరివాళ్లను ఆ రెండు పట్టణాలతో ముడివేస్తాయి. అందుకే పట్టణం వెబ్‌సైట్ ఎలా ఉందన్నది పల్లెకు కూడా సంబంధించిన సంగతే.

కంప్యూటర్‌తో ప్రజల పని చేయించడంలో తెలుగువాళ్ల అనుభవం చిన్నదేమీ కాదు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖలో 'కార్డ్' అనే పద్ధతి మొదలైంది. అంతవరకు దస్తావేజును లావుపాటి పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించేవారు. పొలం మీద తాకట్టు ఏమైనా ఉందో లేదో చెప్పే ఈసీ కావాలంటే ఏళ్ల తరబడి పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది. కంప్యూటర్ వచ్చాక ఆ వెతుకులాట తగ్గింది. 1999 డిసెంబరులో హైదరాబాద్‌లో 'ట్విన్స్' పేరుతో ఒక ప్రయోగం చేశారు. అది 2001 ఆగస్టులో 'ఈసేవ' అయింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఇంటి పన్ను ఒకే కౌంటర్‌లో కట్టే వీలు కలిగింది. అంతకుముందు ఒక్కో బిల్లుకు ఒక్కో ఆఫీసు, ఒక్కో క్యూ ఉండేది.

2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో 'మీసేవ' మొదలైంది. డిజిటల్ సంతకంతో కౌంటర్‌లో ఇచ్చే కాగితానికి చట్టబద్ధత ఇవ్వడం కోసం అదే ఏడాది ప్రభుత్వం ప్రత్యేకంగా నిబంధనలు చేసింది. ఇది పైకి కనిపించని పనే, కానీ అసలు బలం అక్కడే ఉంది. తహసీల్దార్ సంతకం కోసం ఆయన క్యాంపు నుంచి తిరిగొచ్చేదాకా ఆఫీసు అరుగు మీద కూర్చోవాల్సిన అవసరం చాలా పనుల్లో తీరిపోయింది.

మీసేవలో సేవలను రెండు రకాలుగా విడదీశారు. కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్నే అచ్చు తీసి అక్కడికక్కడే ఇచ్చేవి 'ఎ' రకం. పొలం రికార్డులైన అడంగల్ నకలు, 1బి నకలు ఇలాంటివి. ఎవరో ఒకరు వెళ్లి చూసి, విచారించి, రాసి పంపాల్సినవి 'బి' రకం. ఆదాయ ధ్రువపత్రం, మ్యుటేషన్ ఇలాంటివి. వీటికి ఇన్ని రోజులని గడువు పెట్టారు. గుమాస్తా సౌకర్యం కోసం చేసిన విభజనలా కనిపించినా, ప్రభుత్వ వెబ్‌సైట్ల కథంతా ఈ రెండక్షరాల మధ్యే నడుస్తోంది. 'ఎ' రకం పనిని యంత్రం బాగా చేస్తుంది. 'బి' రకం పనిని మనిషే చేయాలి. పొలం గట్టు దగ్గరకు వెళ్లాలి, పక్క రైతుతో మాట్లాడాలి, పాత రికార్డు తీయాలి. కొత్త సైట్ వచ్చిన ప్రతిసారీ 'ఎ' రకం పని ఇంకాస్త వేగం పుంజుకుంటుంది. జనానికి ప్రభుత్వం మీద నమ్మకం కుదిరేదీ, చెదిరేదీ మాత్రం 'బి' రకం పనిలోనే.

2019 అక్టోబరు 2న తూర్పుగోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థను ప్రారంభించారు. పల్లెల్లో సుమారు 2 వేల జనాభాకు ఒకటి చొప్పున, పట్టణాల్లోని వార్డు సచివాలయాలతో కలిపి రాష్ట్రమంతా 15 వేల పైచిలుకు సచివాలయాలు వచ్చాయి. గ్రామ సచివాలయం ఒక్కోదాంట్లో దరఖాస్తులు ఎక్కించడానికి ఒక డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు. ఆ వ్యవస్థ గురించి రాజకీయంగా ఎన్ని వాదనలైనా ఉండొచ్చు. వెబ్‌సైట్ కోణంలో చూస్తే మాత్రం అది చాలా విలువైన ఏర్పాటు. తెర చూడలేని మనిషికి, చూసినా చదవలేని మనిషికి పక్కన కూర్చుని చదివి చెప్పే మరో మనిషి దొరికాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి గుంటూరు జిల్లా అక్షరాస్యత 67 శాతం దగ్గర ఆగింది. అంటే ఏడేళ్లు నిండినవారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు చదవలేరు. వాళ్లలో ఎక్కువమంది పెద్దవాళ్లు, పింఛను అవసరమున్నవాళ్లు, భూమి కాగితాలతో పనిపడేవాళ్లు. వెబ్‌సైట్‌ను ఎంత గొప్పగా తయారుచేసినా, వాళ్లకు అది మనిషి గొంతులోనే అందాలి.

తర్వాతి అడుగు ఫోన్‌లోకి పడింది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెటా సంస్థతో ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో పౌర సేవలు మొదలుపెట్టింది. 95523 00009 అనే నంబరుకు ఒక పలకరింపు పంపితే చాలు, సేవల జాబితా తెలుగులో వస్తుంది. మొదటి విడతలో 161 సేవలతో మొదలై, తర్వాత ఆ సంఖ్య పెరుగుతూ పోయింది. కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్టు, దేవాలయాల్లో సేవల బుకింగ్, పరీక్షల హాల్ టికెట్లు అన్నీ అందులోకి వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో పదో తరగతి ఫలితాలు కూడా ఈ నంబరులోనే చూసుకోగలిగారు. జనం అప్పటికే రోజూ వాడుతున్న చోటికి ప్రభుత్వం తానే నడిచి వెళ్లడం ఇందులో మెచ్చుకోదగిన సంగతి. సైట్ పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పాస్‌వర్డ్ మరిచిపోతే దిగులు లేదు. పల్లెలో మనవరాలి ఫోన్‌లోంచి తాత పని జరిగిపోతుంది.

అయితే ఇక్కడ కూడా ఆ రెండు రకాల తేడా అలాగే ఉంది. బిల్లు కట్టడం నిమిషంలో అవుతుంది. పొలం సరిహద్దు కొలిపించుకోవడానికి ఎఫ్‌-లైన్ దరఖాస్తు పెడితే, ఆ దరఖాస్తు వెళ్లే వేగం పెరిగిందే కానీ, గొలుసు పట్టుకుని సర్వేయర్ వచ్చే రోజు ఎప్పుడో ఫోన్‌కు తెలియదు. ఆ రోజును కూడా ఫోన్‌కు తెలిసేలా చేయడమే ఇప్పుడు మిగిలిన పని, కష్టమైన పని.

ఈ కష్టాన్ని దాటేసి వెళ్లాలని చూస్తే ఏమవుతుందో తెలంగాణలో 'ధరణి' చూపించింది. 2020 అక్టోబరు 29న మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలో ఆ పోర్టల్‌ను ప్రారంభించారు. ఆలోచన బలమైనదే. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ కార్యాలయంలో ఒకేసారి పూర్తవుతాయి. రిజిస్ట్రేషన్ ఒకచోట చేయించుకుని, పేరు మార్పిడి కోసం మరోచోట నెలల తరబడి తిరగడం, మధ్యలో చేతులు తడపడం, ఆ బాధ వివాదం లేని భూముల వరకు నిజంగానే తగ్గింది. తప్పుల్లేని రికార్డున్న రైతుకు ధరణి మేలే చేసింది.

చిక్కంతా తప్పులున్న రికార్డుతో వచ్చింది. 2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనలో దొర్లిన పొరపాట్లు, ఒక పేరుకు బదులు ఇంకో పేరు, రెండెకరాలకు బదులు ఎకరం, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడటం, అన్నీ యథాతథంగా కొత్త పోర్టల్లోకి ఎక్కాయి. వాటిని సరిదిద్దే అధికారం కింది స్థాయిలో లేకుండా పోయింది. ధరణికి ముందు నెలలోనే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దుచేశారు. తెర మీద ఫలానా సమస్య పేరుతో మాడ్యూల్ ఉంటేనే దరఖాస్తు పెట్టగలరు. మాడ్యూల్ లేకపోతే ఆ సమస్య ప్రభుత్వానికి కనిపించదు. ఒక్కో రకం సమస్య బయటపడే కొద్దీ ఒక్కో మాడ్యూల్ చేర్చుకుంటూ ముప్పైకి పైగా పెట్టారు. మాడ్యూళ్ల అంకెలు రైతుల నోళ్లలో మామూలు మాటలైపోయాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా కొనుగోళ్లను క్రమబద్ధీకరించమని పెట్టుకున్న దరఖాస్తులే 9 లక్షల దాకా నిలిచిపోయాయి. ధరణికి ఆధారమైన చట్టంలో వాటికి దారి లేకపోవడమే అందుకు కారణం.

చివరికి 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 14న కొత్త పోర్టల్ మొదలైంది. కొత్త సైట్ కంటే కొత్త చట్టంలో చేర్చిన అప్పీలు వ్యవస్థ ముఖ్యమైన మార్పు. తహసీల్దార్ నిర్ణయం నచ్చకపోతే ఆర్డీవో దగ్గరకు, అక్కడా నచ్చకపోతే కలెక్టర్ దగ్గరకు వెళ్లొచ్చు. గ్రామానికి మళ్లీ ఒక రెవెన్యూ మనిషిని కూడా ఇచ్చారు. వెబ్‌సైట్ కొత్తగా చేసేవాళ్లు ఈ అనుభవాన్ని ముందు చదువుకోవాలి. 'మీరు చెప్పింది తప్పు' అని పౌరుడు రాయడానికి తెర మీద చోటు ఉండాలి. ఆ మాట విని సరిదిద్దే అధికారం ఉన్న మనిషి ఆ తెర వెనక ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా మిగిలినదంతా అలంకారమే.

ఆంధ్రప్రదేశ్‌లోనూ భూమి రికార్డుల విషయంలో అధికారులు ఊళ్లకు వెళ్లక తప్పలేదు. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో సమగ్ర భూసర్వే మొదలైంది. సర్వే జరిగిన గ్రామాల్లో విస్తీర్ణాల తేడాల గురించి, కొలతల గురించి రైతులు అర్జీలు పెట్టుకున్నారు. 2024 డిసెంబరు 6 నుంచి రాష్ట్రంలో రెవెన్యూ సదస్సులు పెట్టి, తహసీల్దార్, సర్వేయర్లు గ్రామంలోనే కూర్చుని ఆ అర్జీలు తీసుకున్నారు. సైట్ ఉన్నా సభ అవసరమైంది.

తెలుగునేల మీద సమాచారాన్ని, సభను కలిపి నడిపించిన గొప్ప ఉదాహరణ ఇంకొకటి ఉంది. దానికి రావాల్సినంత పేరు రాలేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ ఏడాది నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేసింది. పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. ఎవరు ఏ పనికి ఎన్ని రోజులు వెళ్లారు, ఎంత కూలి పడింది అన్న మస్టర్ వివరాలన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ వివరాలను అచ్చు తీసి, శిక్షణ పొందిన గ్రామీణ యువకులు ఇంటింటికీ తీసుకెళ్లి చదివి వినిపిస్తారు. "ఫలానా వారం నువ్వు ఆరు రోజులు పనికి వెళ్లినట్టు రాశారు, నిజమేనా? ఇంత డబ్బు అందిందా?" అని అడుగుతారు. జవాబు రాసుకుంటారు. పని జరిగిన చోటికి వెళ్లి కొలత తీస్తారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెడతారు. అధికారులు, కూలీలు ఎదురెదురుగా కూర్చుంటారు. తేడా తేలితే అక్కడే చదువుతారు, ఎవరి దగ్గర ఎంత రికవరీ చేయాలో రాస్తారు.

చనిపోయినవాళ్ల పేరు మీద మస్టర్లు, వేయని రోడ్లకు బిల్లులు ఇలాంటి వేదికల మీదే బయటపడ్డాయి. ఇందులో కంప్యూటర్ పాత్ర చిన్నదేమీ కాదు. ఆ లెక్కలన్నీ అందరికీ కనిపించేలా ఉండబట్టే తనిఖీ చేయగలిగారు. కానీ లెక్కలు ఇంటర్నెట్‌లో ఉన్నంత మాత్రాన ఏ కూలీ వెళ్లి చూసుకోలేదు. ఎవరో ఒకరు గడప దగ్గరకు తెచ్చి, ఆ ఇంటివాళ్ల సొంత సంగతిగా చదివి వినిపించినప్పుడే నోరు విప్పారు. ప్రజల భాగస్వామ్యం ఎలా వస్తుందని అడిగేవాళ్లకు దూరదేశాల ఉదాహరణల కంటే ముందు ఈ ప్రజావేదికలను చూపించాలి. పల్నాడు మండలాల్లో కూడా ఇవి జరుగుతూనే వచ్చాయి.

ఇక భాష సంగతి. ఈ విషయంలో సత్తెనపల్లి పేరెత్తకుండా మాట్లాడటం అన్యాయం. రాజుపాలెం ఇప్పుడు ఆ నియోజకవర్గంలోదే. వావిలాల గోపాలకృష్ణయ్య 1906లో సత్తెనపల్లిలో పుట్టారు. అక్కడి నుంచి నాలుగుసార్లు శాసనసభకు గెలిచారు. నాగార్జునసాగర్ కోసం పట్టుబట్టినవారిలో ముందువరుసలో నిలిచారు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడు వావిలాలే. ఆఫీసులో నడిచే ప్రతి కాగితం దాని వల్ల బాగుపడేవాడికీ, నష్టపోయేవాడికీ అర్థమయ్యే భాషలో ఉండాలన్నది ఆ సంఘం పని వెనక ఉన్న పట్టుదల. 2003లో ఆయన కన్నుమూసేనాటికి పరిపాలన తెరల మీదికి వెళ్లడం అప్పుడప్పుడే మొదలవుతోంది.

ఆ తెరల మీద తెలుగు ఇప్పటికీ చాలాచోట్ల పై తొడుగే. పై వరుసలో శాఖల పేర్లు తెలుగులో ఉంటాయి. ఒక మెట్టు లోపలికి వెళితే ఇంగ్లీషు. ఇంకో మెట్టు వెళితే ఎప్పుడో స్కాన్ చేసి పెట్టిన జీవో బొమ్మ. అది బొమ్మ కాబట్టి అందులో మాట వెతకడం కుదరదు. చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది ఖాళీ కాగితంతో సమానం. పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగుదీ అదే గతి, వెతికితే దొరకదు. 1991లో యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. సిలికానాంధ్ర తోడ్పాటుతో ప్రభుత్వమే మంచి యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా విడుదల చేసింది. మండలి, రామభద్ర, సురవరం లాంటి ఆ అక్షరాలు ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. సరుకంతా సిద్ధంగా ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా కౌన్సిల్ తీర్మానాన్ని స్కాన్ చేసి పెట్టడానికి సాకు లేదు.

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ దీని గురించి స్పష్టంగానే చెప్పింది. ఎవరూ అడగకముందే ప్రతి కార్యాలయం తనంతట తాను ప్రకటించాల్సిన 17 రకాల సమాచారాన్ని లెక్కపెట్టి మరీ రాసింది. ఉద్యోగుల విధులు, నిర్ణయాలు తీసుకునే పద్ధతి, బడ్జెట్, లబ్ధిదారుల వివరాలు అందులో ఉన్నాయి. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే ప్రచార మార్గాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పాలని కూడా అదే సెక్షన్ అంటోంది. నోటీసు బోర్డులు, పత్రికలు, ప్రకటనలు, ప్రసార మాధ్యమాలు, ఇంటర్నెట్ అన్నీ ఆ చట్టం ఒప్పుకునే మార్గాలే. రేడియో కూడా అందులో భాగమేనని ఈ ప్రసంగం వింటున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

భాష అంటే లిపి ఒక్కటే కాదు, మాటతీరు కూడా. 'తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి బదలాయించడమైనది' అని తెర మీద కనిపిస్తే చదివినవాడికి ఏమీ తెలియదు. 'మీ అర్జీ మండల సర్వేయర్ దగ్గర ఉంది, పొలం దగ్గరకు వచ్చే తేదీ ఇది' అంటే తెలుస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో తన సైట్‌ను మొత్తంగా మార్చినప్పుడు మొదటి సూత్రంగా పెట్టుకున్నది ఇదే: వాడేవాళ్ల అవసరం నుంచి మొదలుపెట్టాలి. అక్కడ సెలవుల పేజీ తెరిస్తే రాబోయే సెలవు ఎప్పుడో పెద్ద అక్షరాల్లో ఒక్క ముక్కలో ముందు కనిపిస్తుంది. వచ్చినవాడికి కావలసింది అదే కదా. మన మున్సిపాలిటీ సైట్లో అలా ముందు కనిపించాల్సినవి ఏమిటో ఏ వార్డులోనైనా పదిమందిని అడిగితే చెబుతారు: నీళ్లు ఏ వేళకు వదులుతారు, ఇంటి పన్ను ఆఖరు తేదీ ఎప్పుడు, కుళాయి కనెక్షన్‌కు ఏ కాగితాలు కావాలి, వీధిదీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలి.

సోమవారం వస్తే నరసరావుపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. ఈ సోమవారం వేదిక పేరు 2014 తర్వాత 'మీ కోసం', 2019లో 'స్పందన', 2023లో 'జగనన్నకు చెబుదాం', ఇప్పుడు ఇంగ్లీషు పొడి అక్షరాల్లో 'పీజీఆర్ఎస్'. పేర్లు మారినా సోమవారం అలాగే ఉంది. అర్జీకి నంబరు ఇస్తారు. 1100కు ఫోన్ చేసి దాని స్థితి తెలుసుకోవచ్చు. ఇక్కడ అందరినీ ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది: 'క్లోజ్'. ఒక ఎండార్స్‌మెంట్ రాసి అర్జీని క్లోజ్ చేస్తారు. అర్జీదారు ఒప్పుకోకపోతే రీఓపెన్ అవుతుంది. సమీక్షా సమావేశాల్లో కలెక్టర్లు రీఓపెన్ల గురించి గట్టిగా అడగడం మొదలుపెట్టాక కింది స్థాయిలో జాగ్రత్త పెరిగింది, అది మంచి పరిణామం. ఇంకో అడుగు వేయాల్సి ఉంది. క్లోజ్ చేయడానికి రాసిన కారణం, దానికి ఆధారమైన పంచనామానో కొలతో అర్జీదారుకు తెలుగులో, ఫోన్‌లోనే అందాలి. ఎందుకు కాదన్నారో తెలిసినవాడు అప్పీలుకు వెళతాడు, లేదా ఒప్పుకుంటాడు. తెలియనివాడు తర్వాతి సోమవారం మళ్లీ బస్సెక్కుతాడు.

బ్రిటన్‌లో మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 2007లో 'ఫిక్స్ మై స్ట్రీట్' అనే సైట్ మొదలుపెట్టింది. వీధిలో గొయ్యి, వెలగని దీపం లాంటివి మ్యాప్ మీద గుర్తుపెట్టి రాస్తే, సంబంధిత కౌన్సిల్‌కు వెళుతుంది. ఆ ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు అందరికీ కనిపిస్తాయి. పక్కింటివాళ్లు అదే గొయ్యి గురించి రెండోసారి రాయక్కర్లేదు. ఏ వీధి ఎన్నాళ్లుగా అలా ఉందో దాచడానికీ వీల్లేదు. మన దగ్గర ఫిర్యాదు అర్జీదారుకు, ఆఫీసుకు మధ్య రహస్యంలా ఉండిపోతోంది. ఒకే మురుగుకాల్వ గురించి ఇరవైమంది ఇరవై అర్జీలు పెట్టినా, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు.

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో 2010లో మొదలైన 'బెటర్ రేక్యావిక్' ఇంకొంచెం ముందుకెళ్లింది. నగరవాసులు తమ ఆలోచనలు రాస్తారు, మిగతావాళ్లు మద్దతో వ్యతిరేకతో చెబుతారు. ఎక్కువ మద్దతు వచ్చినవాటిని నగర పాలకమండలి పరిశీలించి జవాబు చెబుతుంది. ఐస్‌లాండ్ అనగానే ఎక్కడో దూరపు సంగతి అనుకోవచ్చు. కానీ 2011 లెక్కల్లో నరసరావుపేట జనాభా లక్షా 17 వేల పైచిలుకు. అప్పటి రేక్యావిక్ జనాభా కూడా లక్షా 20 వేల దగ్గరే. పరిమాణం అడ్డంకి కాదు. జవాబు చెప్పి తీరాలన్న ఒప్పందమే అక్కడ సైట్‌ను నిలబెట్టింది. జవాబు రాదని రెండుసార్లు తెలిస్తే, మూడోసారి ఏ ఊళ్లోనైనా ఎవరూ రాయరు.

అందరికీ కనిపించాలి అన్నప్పుడు ఒక హద్దు కూడా చెప్పుకోవాలి. వీధిదీపం ఫిర్యాదు బహిరంగంగా ఉండొచ్చు. భర్త వదిలేసిన స్త్రీ పింఛను కోసం పెట్టుకున్న అర్జీ, అన్నదమ్ముల ఆస్తి తగాదా, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా ఇవేవీ బయట కనిపించకూడదు. ఊళ్లో అందరూ అందరికీ తెలుసు. పేరు తీసేసినా వివరం చూసి మనిషిని గుర్తుపట్టేస్తారు. అందుకే పనుల లెక్కలు, ఖర్చుల లెక్కలు పూర్తిగా తెరిచి పెట్టి, మనుషుల సంగతులు మూసి ఉంచడం సరైన దారి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతోంది. లబ్ధిదారుల వివరాలు గోడల మీదికి ఎక్కుతాయి, టెండర్ వివరాలు మాత్రం వెతికినా కనపడవు.

సత్తెనపల్లికో పిడుగురాళ్లకో కొత్త సైట్ తలపెట్టేవాళ్లు కంపెనీని పిలవడానికి ముందు ఒక నెల రోజులు కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లు ఏ మాటలతో అడుగుతున్నారో రాసుకుంటే బాగుంటుంది. 'ప్రాపర్టీ టాక్స్ అసెస్‌మెంట్' అని ఎవరూ అడగరు, 'ఇంటికి పన్ను వేయించాలండీ' అంటారు. సైట్లో వెతికే చోట ఆ మాట కొట్టినా దారి చూపించాలి. రాజుపాలెం లాంటి చోట సచివాలయం డిజిటల్ అసిస్టెంట్లను కూడా ఆ పనిలో కూర్చోబెట్టాలి. ఏ పేజీ దగ్గర జనం ఆగిపోతున్నారో, ఏ పత్రం గురించి పదేపదే అడుగుతున్నారో వాళ్ల కంటే బాగా తెలిసినవాళ్లు రాష్ట్రంలో ఎవరూ లేరు. కొత్త సైట్ మీద వాళ్ల అభిప్రాయం ముందుగా, తప్పనిసరిగా తీసుకోవాలి. మాటను అక్షరంగా మార్చే సాంకేతికత తెలుగుకు కూడా వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'భాషిణి' అందులో ఒకటి. చదవలేని మనిషి ఫోన్‌లో చెబితే అర్జీగా మారి, జవాబు మళ్లీ గొంతులో వినిపించే రోజు దూరం లేదు. పల్నాడు మాటతీరును ఆ యంత్రం సరిగ్గా అందుకుంటోందో లేదో పరీక్షించాల్సింది ఇక్కడి గొంతులతోనే.

ఈలోగా ఇప్పటికే ఉన్నదాన్ని వాడుకోవచ్చు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఏటా అక్టోబరు 2 నుంచి పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల తయారీ మొదలవుతుంది. ఆ ప్రణాళికలు, ఆర్థిక సంఘం నిధులు, పెట్టిన ఖర్చు కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న ప్రారంభించిన 'ఈ-గ్రామ్ స్వరాజ్' సైట్లో కనిపిస్తాయి. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, సంవత్సరం వరుసగా ఎంచుకుంటే చాలు, లాగిన్ అక్కర్లేదు. గ్రామసభకు ముందు రోజు సచివాలయంలోనో, బడిలోనో ఆ పేజీని అచ్చు తీయించుకోవచ్చు. ఏ వీధి కాల్వకు ఎంత రాశారు, ఎంత ఖర్చయింది అన్న వివరం అందులో ఉంటుంది. సభలో సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి ఎదురుగా ఆ కాగితం చదివి, వీధి దగ్గర జరిగిన పనితో పోల్చి, తేడా ఉంటే అక్కడికక్కడే తీర్మానంలో రాయించుకునే హక్కు రాజుపాలెం మండలంలో ప్రతి ఓటరుకూ ఉంది.